కత్తి పక్కన పెట్టి కూపీ లాగడం: రోల్‌ప్లేయింగ్ ఆటలో కొత్త జానర్‌కు మారడం ఎలా

గుంటూరు బ్రాడీపేటలో మా ఇంటి మేడ మీద రెండేళ్ళపాటు ప్రతి ఆదివారం సాయంత్రం ఒక బల్ల చుట్టూ ఆరుగురం కూర్చున్నాం. నేను గేమ్ మాస్టర్‌ని, అంటే కథను నడిపించే మనిషిని, మిగతా అయిదుగురు ఆటగాళ్ళు. మంత్రాలు, కత్తులు, కోటలు, నేలమాళిగలు, ఇదీ మా లోకం. ఆ కథ చివరికి వస్తుండగా ఒకరు, "ఈసారి డిటెక్టివ్ కథ ఆడదామా?" అన్నారు. అందరికీ నచ్చింది. వారం తిరక్కుండానే పాత నియమాలతోనే మొదలుపెట్టేశాం. మొదటి గంటలోనే అనుమానితుడి మీదకు కత్తి లేచింది. రెండో గంటలో పాచిక చిన్న అంకె చూపించడంతో బీరువా వెనక దాచిన ఉత్తరం దొరకలేదు. ఆ ఉత్తరం లేనిదే కథ ముందుకు కదలదు. మిగిలిన సాయంత్రమంతా ఒకరి ముఖాలు ఒకరం చూసుకుంటూ గడిపాం. ఆటగాళ్ళ తప్పేమీ లేదు. వేషాలు మార్చి ఆటను మాత్రం పాతదే ఉంచాం.

అప్పటినుంచి జానర్, అంటే కథ రకం, మార్చడం గురించి చాలా ఆలోచించాను, మళ్ళీ మొదటి నుంచి ప్రయత్నించాను. రెండోసారి కుదిరింది. మీ బృందం కూడా అలాంటి మలుపు దగ్గర ఉంటే, ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ చెబుతాను.

ఈ ఆట ఇంకా తెలియనివారికి రెండు మాటలు. ఇది బల్ల చుట్టూ కూర్చుని నోటితో ఆడే ఆట. ఒకరు లోకాన్ని వర్ణిస్తారు. మిగతావారు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం ఎటైనా పోగల చోట పాచికలు తేలుస్తాయి. బుర్రకథ చూసినవారికి త్వరగా అర్థమవుతుంది. తంబుర పట్టుకుని కథకుడు మధ్యలో, గుమ్మెటలతో వంతలు అటూ ఇటూ. ఇక్కడ మాత్రం వంత "నేను ఆ తలుపు తీయను" అంటే కథ అక్కడే మలుపు తిరుగుతుంది. అలాంటి కథ నెలల తరబడి సాగితే దాన్ని క్యాంపెయిన్ అంటారు.

1. మార్పు ఎందుకు కావాలో కనుక్కోండి

"కొత్తది ఆడదాం" అనే మాట వెనక మూడు రకాల అలసటలు ఉండవచ్చు. జానర్ మీద విసుగు, సాగిపోతున్న ఆ ఒక్క కథ మీద విసుగు, లేదా నడిపే మీకే విశ్రాంతి కావలసి రావడం. మూడో సంగతి అయితే జానర్ మార్చి లాభం లేదు. ఒక నెల ఆపండి, లేదా ఇంకొకరిని నడపమనండి. రెండోది అయితే ఆ కథకు మంచి ముగింపు ఇచ్చి అదే లోకంలో ఇంకో కథ ఎత్తుకోవచ్చు.

మొదటిదేనని తెలుసుకోవడానికి నేను ఒక్క ప్రశ్న అడుగుతాను: "ఈ రెండేళ్ళలో మీకు ముందుగా గుర్తొచ్చే సన్నివేశం ఏది?" ఒక్కొక్కరినీ విడిగా, ఫోనులో అడగండి. అందరూ కలిసి ఉన్నప్పుడు అడిగితే మొదట మాట్లాడినవారి జవాబే మిగతావారికీ గుర్తొస్తుంది. మా బృందంలో రాక్షసుణ్ణి కూల్చిన పోరాటం ఒక్కరికే గుర్తొచ్చింది. ముగ్గురు మాత్రం కోట ద్వారం దగ్గర సుంకం వసూలు చేసే అధికారిని మాటలతో ఒప్పించిన ఘట్టం చెప్పారు. ఇంకొకరు దొంగ ముద్రను పట్టుకున్న రోజు చెప్పారు. అంటే కత్తుల కథలో కూడా వాళ్ళు ఇష్టపడింది మాటలనీ, ఆరానీ. డిటెక్టివ్ కథ కోరిక ఆ నిమిషంలో పుట్టింది కాదు, రెండేళ్ళుగా బల్ల కిందే ఉంది.

పాత కథను సగంలో వదలకండి. రెండు సెషన్లు, అంటే రెండు సాయంత్రాల ఆట, కేటాయించి ముగించండి. తెంపేసిన కథ కొత్త కథలోకి పదే పదే వచ్చి కూర్చుంటుంది.

2. జానర్‌ను మూడు వాక్యాల్లో రాయండి

ఒక కాగితం తీసుకోండి. వేషాలు, వస్తువులు, కాలం ఏవీ రాయవద్దు. ఈ మూడు ప్రశ్నలకు జవాబులు మాత్రం రాయండి. ఈ కథలో మనుషులు ఎక్కువగా చేసే పని ఏమిటి? ఓడిపోతే పోగొట్టుకునేది ఏమిటి? వాళ్ళు ఏమీ చేయకుండా కూర్చుంటే ఏం జరుగుతుంది?

కత్తుల కథకు మేము రాసుకున్నది: వెళతారు, పోరాడతారు, తెచ్చుకుంటారు. ఓడితే ఒంటికి దెబ్బ. ఊరుకుంటే నిధి ఇంకొకరికి పోతుంది. డిటెక్టివ్ కథకు: అడుగుతారు, గమనిస్తారు, సరిపోల్చుకుంటారు. ఓడితే సమయం పోతుంది, ఒక మనిషి నమ్మకం పోతుంది. ఊరుకుంటే సాక్ష్యం మాయమవుతుంది, తప్పు చేయనివాడు ఇరుక్కుంటాడు.

రెండో ప్రశ్న మీద ఎక్కువ సేపు కూర్చోండి. ఆటగాళ్ళు ఏం పోగొట్టుకోగలరో దాన్నే కాపాడుకుంటారు, దాని చుట్టూనే ఆలోచిస్తారు. ఈ ఆటల చరిత్ర చూసినా ఇదే కనిపిస్తుంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన డంజియన్స్ అండ్ డ్రాగన్స్ బల్లమీది యుద్ధ క్రీడల నుంచి పుట్టింది. అందుకే దాని నియమాల్లో సింహభాగం పోరుకే. 1977లో వచ్చిన అంతరిక్ష క్రీడ ట్రావెలర్‌లో పాత్ర సగం జీవితం ఆట మొదలయ్యేలోపే గడిచిపోతుంది. తొలి కూర్పులో ఆ ఉద్యోగకాలం లెక్కవేస్తుండగానే పాత్ర చనిపోయే వీలు కూడా ఉండేది. 1981 నాటి భయానక క్రీడ కాల్ ఆఫ్ కతుల్హు ఒంటి బలంతోపాటు మనఃస్థైర్యాన్ని కూడా ఒక అంకెగా మార్చి, చూడరానిది చూసినప్పుడల్లా తగ్గించింది. ఆ అంకె తగ్గుతుంటే ఆటగాడు తలుపు తీసే ముందు ఆగుతాడు. భయం పుట్టించడానికి గేమ్ మాస్టర్ గొంతు మార్చనక్కరలేదు, ఆ ఆగడమే చాలు.

మీ మూడు వాక్యాలూ పాత కథ వాక్యాల్లాగే ఉంటే, మీరు మార్చాలనుకుంటున్నది వేషాలను మాత్రమే. అదీ తప్పు కాదు. పాత నియమాలతోనే హాయిగా ఆడుకోవచ్చు. తెలిసి చేయండి, అంతే.

3. కాలాన్నీ ఊరినీ ఎంచుకోండి

చాలామంది డిటెక్టివ్ కథ అనగానే లండన్ పొగమంచులోకో, అమెరికా వర్షంలోకో వెళ్ళిపోతారు. నా సలహా వేరు. మీ ఊళ్ళోనే ఉండండి, కాలం మార్చండి. వీధి తెలిసినప్పుడు ఆటగాళ్ళు నన్ను అడగకుండానే ముందుకు అడుగేస్తారు.

మేము 1954 డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా ఉన్న గుంటూరును ఎంచుకున్నాం. ఎందుకో చూడండి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు, హైకోర్టు గుంటూరు. 1954 జూలైలో ఇక్కడ హైకోర్టు తెరుచుకుంది, 1956లో హైదరాబాదుకు పోయింది. అంటే ఆ రెండేళ్ళూ రాష్ట్రం నలుమూలల నుంచీ వ్యాజ్యాలు పట్టుకుని జనం గుంటూరులో దిగేవారు. పైగా మద్రాసు రాష్ట్ర కాలం నుంచి వచ్చిన మద్యనిషేధం అమలులో ఉంది. ఆ మద్యనిషేధం వివాదం మీదే 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది, 1955 ఫిబ్రవరిలో ఎన్నికలు. కొత్త కోర్టు, దొంగచాటు సారా, దగ్గరపడుతున్న ఎన్నికలు. డిటెక్టివ్ కథకు ఇంతకంటే ఏం కావాలి?

చరిత్ర మొత్తం చదవాలని కూర్చోకండి. ఒక్క పేజీ చాలు. ఆ పేజీలో ఆటగాళ్ళ చేతికి తగిలేవే రాయండి. డబ్బు: రూపాయికి పదహారు అణాలు. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న గాని రాలేదు. ఫోను: పరవూరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి కాచుకోవాలి, మధ్యలో ఆపరేటర్ ఉంటారు, వినాలనుకుంటే వినగలరు. ప్రయాణం: జట్కా, రిక్షా, రైలు. కృష్ణ దాటడం: బెజవాడ పాత ఆనకట్ట 1952లో తెగింది, కొత్త బ్యారేజీ పని 1954లో మొదలై 1957లో పూర్తయింది.

ఆఖరి సంగతి మాకు ఒక మంచి సన్నివేశం ఇచ్చింది. అనుమానితుడు బెజవాడ పారిపోతున్నాడని తెలియగానే ఒకరు, "ప్రకాశం బ్యారేజీ మీదుగా కారులో అడ్డుకుంటాం" అన్నారు. ఇప్పుడు మనం రోజూ వెళ్ళే దారే. కానీ ఆ రోజుకు అక్కడ బ్యారేజీ లేదు, నదిలో పని జరుగుతోంది. ఇక మిగిలింది రైలు వంతెన, లేదా పడవ. పడవవాడు చీకటిపడ్డాక కదలనన్నాడు. ఆ ఒడ్డున ఇరవై నిమిషాల బేరం జరిగింది. నేను ముందుగా రాసుకున్న ఏ ఘట్టమూ దాని దరికి రాలేదు.

డబ్బు గురించి ఇంకొక మాట. మా పెద్దమ్మను అడిగి పాత నాణేల పేర్లు రాసుకున్నాను. అర్ధణా, బేడ అంటే రెండణాలు, పావలా, అర్ధరూపాయి. తర్వాతి ఆదివారం ఒక ఆటగాడు చచ్చినవాడి జేబు వెతికితే, "రెండు బేడలు, ఒక అర్ధణా, సగానికి చించిన రైలు టికెట్టు" అన్నాను. అతను వెంటనే లెక్క వేశాడు: "నాలుగున్నర అణాలు. ఇతను తిరిగి వెళ్ళడానికి డబ్బు లేకుండా వచ్చాడు." అది నేను పెట్టిన ఆధారం కాదు. అతనే కనుక్కున్నాడు, నేను దాన్ని నిజం చేశాను.

4. ఏది ముట్టకూడదో అందరూ కలిసి తేల్చుకోండి

అసలు కథకు ముందు ఒక సాయంత్రం మాటలకే కేటాయించండి. దీన్ని సెషన్ జీరో అంటారు. కొత్త జానర్‌లో ఇది తప్పనిసరి, ఎందుకంటే పాత కథలో ఎవరికి ఏది ఇబ్బందో మీకు తెలుసు, కొత్త కథలో తెలియదు.

మా బృందంలో ఒకరు ముందుగా దివిసీమ నేపథ్యంలో భయానక కథ ఆడదామన్నారు, తుపాను రాత్రి, దయ్యాలు. ఇంకొకరు ఏమీ అనలేదు. నేను విడిగా అడిగితే, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వాళ్ళ అమ్మగారి వైపు నలుగురు పోయారని చెప్పారు. ఆ ఆలోచన అక్కడే వదిలేశాం. పల్నాటి యుద్ధం గురించీ మాట వచ్చింది. కారెంపూడిలో ఆ వీరులకు ఇప్పటికీ ఏటా ఉత్సవం జరుగుతుంది. జనం దేవుళ్ళుగా కొలిచే మనుషులను పాచికలతో తప్పులు చేయించడం నాకు మనస్కరించలేదు. ఎవరైనా అదే కాలంలో ఊరూ పేరూ లేని ఒక సైనికుడి కథ ఆడితే అది వేరు.

పాత కాలం ఎంచుకుంటే కులం గురించి తప్పక మాట్లాడండి. 1954 గుంటూరులో అది లేదని నటిస్తే కథ అబద్ధమవుతుంది. ఉందని చెప్పి బల్ల దగ్గర ఒకరిని నొప్పిస్తే అంతకంటే చెడ్డది. మేము పెట్టుకున్న నియమం ఇది: వివక్ష ఆ లోకంలో ఉంటుంది, దానివల్ల జరిగే అన్యాయం కథలో వస్తుంది, కానీ నా నోటి నుంచి ఏ ఆటగాడి పాత్రనూ ఉద్దేశించి ఆ అవమానపు మాట రాదు.

జాన్ స్టావ్రోపౌలోస్ రూపొందించిన ఎక్స్ కార్డు పద్ధతి ఇక్కడ చాలా పనికొస్తుంది. ఎక్స్ అని రాసిన ఒక కార్డు బల్ల మధ్యలో ఉంటుంది. ఎవరైనా దాన్ని తాకితే ఆ విషయం అక్కడితో ఆపి ముందుకు సాగిపోతాం, కారణం అడగం. మన ఇళ్ళలో దీని అవసరం ఇంకా ఎక్కువని నా అభిప్రాయం. మా బల్ల దగ్గర ఒక బాబాయి, ఆయన అన్న కొడుకు ఇద్దరూ ఉన్నారు. బాబాయి చెబుతున్న కథను అబ్బాయి "ఇది వద్దు" అనలేడు. కార్డును మాత్రం తాకగలడు.

అదే సాయంత్రం పాత్రలన్నిటినీ ఒక్క తాడుతో కట్టండి. మా అయిదుగురూ ఒకే ప్లీడరుగారి చుట్టూ ఉన్నవారు: గుమాస్తా, జూనియర్ ప్లీడరు, టైపిస్టు, జట్కా తోలేవాడు, ఒక పత్రికా విలేకరి. కలిసి ఎందుకు తిరుగుతున్నారని ప్రతి వారం కారణం వెతుక్కునే పని తప్పింది.

5. నియమాలు మార్చాలా, అవే ఉంచాలా?

పాత పాత్రల పత్రం, అంటే పాత్ర విద్యలూ బలాలూ రాసుకున్న కాగితం, ముందు పెట్టుకుని, కొత్త కథలో పనికిరానివాటిని పెన్సిలుతో కొట్టేయండి. సగానికి పైగా పోతే నియమాలు మార్చండి. కొద్దిగా పోతే అవే ఉంచండి. సొంతంగా నియమాలు రాయాలనే ఉబలాటం వస్తుంది. మొదటి కొత్త జానర్‌కు మాత్రం ఆగండి, ఇప్పటికే పదిమంది ఆడి చూసినవి తీసుకోండి. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ అయిదో కూర్పు మూల నియమాలు 2023 జనవరి నుంచి క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద అందరికీ ఉచితం. చాలా చిన్న ఆటల నియమాలు కూడా ఉచితంగా దొరుకుతాయి.

పాచికల లెక్క ఒకసారి చూడండి, జానర్ రుచి అందులో ఉంటుంది. ఇరవై ముఖాల పాచికలో ప్రతి అంకెకూ సమాన అవకాశం, ఇరవైలో ఒకటి. అందుకే అది ఉత్కంఠకు మంచిది, నిపుణత చూపడానికి అంత మంచిది కాదు. మేము 2010లో వచ్చిన అపొకలిప్స్ వరల్డ్ అనే ఆట దారిలో రెండు మామూలు పాచికలకు మారాం, లూడో పెట్టెలో ఉండేవే. రెండూ కలిపి పది లేదా ఎక్కువైతే అనుకున్నది జరుగుతుంది, ఏడు నుంచి తొమ్మిది దాకా అయితే జరుగుతుంది కానీ ఒక ఖరీదుతో, ఆరు లేదా తక్కువైతే చిక్కు. రెండు పాచికలు పడగల 36 విధాల్లో మొదటిదానికి 6, రెండోదానికి 15, మూడోదానికి 15. పాత్రకు ఆ విద్యలో, మొత్తానికి కలుపుకునే ఒక పాయింటు ఉంటే అవి 10, 16, 10 అవుతాయి. ఎక్కడ చూసినా మధ్యదే పెద్ద భాగం లేదా దానికి సమానం. పని అవుతుంది, ఏదో ఒకటి వదులుకోవాలి. ఆరా తీసేవాడి బతుకు సరిగ్గా అదే కదా.

ఇక మా మొదటి ప్రయత్నాన్ని ముంచిన బీరువా వెనక ఉత్తరం సంగతి. దీనికి ఆటల రూపకర్త రాబిన్ లాస్, కూపీ లాగే కథల కోసం రాసిన తన గమ్‌షూ నియమాల్లో చక్కని విరుగుడు ఇచ్చారు. కథ కదలడానికి అవసరమైన ఆధారానికి పాచిక వేయించవద్దు. సరైన చోట, సరైన విద్య ఉన్న పాత్ర వెతికితే అది దొరికి తీరాలి. ఆటగాళ్ళ కష్టమంతా దొరికినదానికి అర్థం చెప్పుకోవడంలో ఉండాలి. ఈ ఒక్క నియమం పెట్టుకుంటే మీ డిటెక్టివ్ కథలకు వచ్చే అతి పెద్ద ప్రమాదం తప్పుతుంది.

6. ఆట మాటలను తెలుగులోకి తెచ్చుకోండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇది. నియమాల పుస్తకంలో పర్సుయేషన్ అని ఒకే విద్య ఉంటుంది, ఎదుటివారిని ఒప్పించడం. దాన్ని తెలుగు చేయబోతే ఒక్క మాట మూడుగా విడిపోయింది: నచ్చజెప్పడం, బుజ్జగించడం, బతిమాలడం. ఆగి ఆలోచించాం. మూడూ ఒకటి కావు. నచ్చజెప్పాలంటే చేతిలో ఒక కారణం ఉండాలి. బుజ్జగించాలంటే చనువు ఉండాలి. బతిమాలడానికి ఏమీ అక్కరలేదు, కానీ బతిమాలినవాడు ఆ మనిషి ముందు ఒక మెట్టు దిగుతాడు, మళ్ళీ ఎక్కడం కష్టం. మూడింటికీ మూడు ఖరీదులు. అవే మా నియమాలయ్యాయి. భయపెట్టడం కూడా అలాగే దబాయించడం, బెదిరించడం అని రెండయింది. అబద్ధమాడటానికి బుకాయించడం ఉంది. చూడటానికి పసిగట్టడం ఉంది. సాక్షికి తెలియకుండా అతని నోటి నుంచే విషయం రాబట్టడానికి కూపీ లాగడం ఉంది. ఈ మాట పాత్ర పత్రం మీద కనబడగానే ఆటగాళ్ళకు తాము ఏ కథలో ఉన్నారో తెలిసిపోయింది.

మీరు, నువ్వు కూడా నియమాలే. ఒక సాయంత్రం గుమాస్తా పాత్ర ఆడుతున్నాయన దొంగసారా వ్యాపారం చేసే పెద్దమనిషితో మాట్లాడుతున్నారు. గంటసేపు "అయ్యగారూ, తమరు" అంటూనే ఉన్నారు. పెద్దమనిషి చెప్పిన ఒక చిన్న అబద్ధం బయటపడింది. గుమాస్తా ఆడుతున్నాయన కుర్చీలో వెనక్కి వాలి, గొంతు ఏమాత్రం పెంచకుండా, "ఆ రాత్రి నువ్వు ఎక్కడున్నావు?" అన్నారు. బల్ల దగ్గర ఎవరూ కదల్లేదు. నేను పాచికలు అడగలేదు. ఆ పెద్దమనిషి చేతిలో మజ్జిగ గ్లాసు కింద పెట్టి చెమట తుడుచుకున్నాడని చెప్పాను. ఆ తర్వాత పత్రంలో ఒక వరుస చేర్చాం: ప్రతి పాత్రా ఒక్కో కథలో ఒక్కసారి మీరు నుంచి నువ్వుకు దిగవచ్చు. అది పాచిక లేకుండా ఫలిస్తుంది. ఆ మనిషి మాత్రం జన్మలో మరిచిపోడు.

7. ఒక్క సాయంత్రం ఆడి చూడండి

క్యాంపెయిన్ మొదలుపెట్టకండి. మూడు గంటల్లో ముగిసే ఒక్క కథ ఆడండి. హత్య కూడా వద్దు, చిన్న నేరం చాలు.

మా నమూనా కథ: కోర్టు నుంచి ఒక ఫైలు మాయమైంది. కనుక్కోవలసిన నిజం: ఒక గుమాస్తా దాన్ని టిఫిన్ క్యారేజీలో పెట్టుకుని ద్వారం దాటించాడు. జస్టిన్ అలెగ్జాండర్ అనే గేమ్ మాస్టర్ చెప్పిన సూత్రం ఒకటి ఉంది: ఆటగాళ్ళు ఒక నిజానికి చేరాలంటే ఆధారాలు మూడు పెట్టాలి. ఒకటి చూడరు, రెండోదాన్ని తప్పుగా అర్థం చేసుకుంటారు, మూడోది పట్టుకుంటారు. నా మూడు: రోజూ ఆ క్యారేజీ నింపే హోటలు వాళ్ళు ఆ రోజు అది రాలేదంటారు. బిళ్ళ బంట్రోతు, "గుమాస్తాగారు ఆవేళ రెండు అరటిపళ్ళతో సరిపెట్టుకున్నారు" అంటాడు. క్యారేజీ అడుగు గిన్నెలో, మూత అంచున, ఎర్రటి లక్క ముక్క ఒకటి అతుక్కుని ఉంటుంది. ఫైలు ముద్ర లక్క. మావాళ్ళు మొదటి రెండూ విని ఆయనకు ఒంట్లో బాగాలేదనుకున్నారు. టైపిస్టు గిన్నె మూత తీసి వెలుతురుకు పట్టుకున్నప్పుడు గది మారిపోయింది.

కాలం ఖర్చవుతోందని కళ్ళకు కనబడాలి. జాన్ హార్పర్ 2017లో తెచ్చిన బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే ఆటలోని గడియారం పద్ధతి వాడండి. కాగితం మీద సున్నా గీసి ఆరు ముక్కలు చేయండి. పాచిక తప్పినా, ఒక పూట వృథా అయినా ఒక ముక్క నింపండి. ఆరూ నిండితే ఫైలు బూడిద. ఒంటి దెబ్బల లెక్క ఉండిన చోట ఇప్పుడు ఈ గడియారం ఉంటుంది. చేతులు దానికి త్వరగానే అలవాటుపడతాయి.

8. ఇప్పుడు నిర్ణయించండి

ఆట అయ్యాక టీ తాగుతూ బాగుందా అని అడగవద్దు. మన మర్యాదకు అందరూ బాగుందనే అంటారు. రెండు రోజులు ఆగి చూడండి. ఎవరైనా తమ పాత్ర గురించి తామే ఫోను చేశారా? ఆట సమయంలో కత్తి అలవాటు, అంటే ముందు కొట్టి తర్వాత అడగడం, ఎన్నిసార్లు వచ్చింది? మీకు రెండో కథ ఆలోచన దానంతట అదే వచ్చిందా? మొదటిదానికీ మూడోదానికీ అవునంటే ముందుకు వెళ్ళండి. ఒకరికి నచ్చకపోతే వారిని వేరుగా పలకరించి, ఈ కథ వరకు విశ్రాంతి తీసుకునే అవకాశం ఇవ్వండి, తర్వాతి కథకు కుర్చీ ఉంచుతామని చెప్పండి.

మొదటి క్యాంపెయిన్‌ను ఆరు నుంచి ఎనిమిది సెషన్లకు పరిమితం చేయండి, చివరి తేదీ ముందే చెప్పండి. డిటెక్టివ్ కథ సాగదీస్తే ఆధారాలు మనసులో చెదిరిపోతాయి. ప్రతి సెషన్ మొదట్లో ఒకరు, వంతులవారీగా, తెలిసినవన్నీ గట్టిగా చదవాలి.

9. మొదటి సన్నివేశం

దీన్ని మాత్రం మాట మాట రాసుకోండి. ఆటగాళ్ళు కొత్త జానర్‌లోకి వచ్చారని ఈ రెండు నిమిషాల్లోనే తెలియాలి. ఆయుధం కనబడకూడదు, అడగవలసినది కనబడాలి. మాది ఇలా మొదలైంది.

ధనుర్మాసం, తెల్లవారుజాము. అరండల్‌పేటలో మంచు ఇంకా వీడలేదు. ప్లీడరుగారి వాకిట్లో ముగ్గు నిన్న రాత్రే వేశారు. గొబ్బెమ్మల మధ్యగా ఎవరో నడిచి వెళ్ళారు, కుడి అడుగు గుర్తు లోతుగా, ఎడమది ఈడ్చినట్టుగా. తలుపు గడియ తీసే ఉంది. ప్లీడరుగారు లోపల లేరు. ఈ వేళకు ఈ వీధి చూసినవాడు ఒక్కడే, హరిదాసు. తల మీద అక్షయపాత్ర, చేతిలో చిడతలు, వీధి చివర మలుపు తిరుగుతున్నాడు. పాత్ర దించడు, తిరుగుడు పూర్తయ్యేదాకా హరినామం తప్ప ఇంకో మాట పలకడు. ఇంకో నాలుగు ఇళ్ళు దాటితే ఊళ్ళో కలిసిపోతాడు.

ఇక్కడ ఆపి ఆటగాళ్ళ వైపు చూశాను. కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత టైపిస్టు లేచి, "లోపలికి వెళ్ళి దోసిలి నిండా బియ్యం తెస్తాను. అవి పాత్రలో పోస్తూ అడుగుతాను. ఆయన నోటితో చెప్పనక్కరలేదు, ఎటు వెళ్ళారో చూపుతో చెబితే చాలు" అంది.